కంట్లో పడ్డ ఇనుప రజను

"ఒంట్లో ఇనుము ఏమైనా ఉందా పెద్దయ్యా?" అని అడిగితే లేదన్నాడాయన. తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పాడు. నల్లగొండలోని ఒక స్కానింగ్ సెంటర్‌కు నడుము నొప్పితో వచ్చాడు. మొలతాడు విప్పి, దానికున్న తాయెత్తుతో సహా కూతురి చేతిలో పెట్టాడు. టెక్నీషియన్ అంతటితో వదల్లేదు.

"ఇదివరకు ఏం పని చేసేవారు?"

"బండలు కొట్టేవాణ్ణి తల్లీ."

"ఉలి మీద సుత్తి దెబ్బ వేసేటప్పుడు కంట్లో ఎప్పుడైనా ఏమైనా పడిందా?"

"ఎన్నోసార్లు పడింది."

ముందు కళ్లకు ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదని తేలాకే ఆమె ఆయన్ను ఎమ్మారై గదిలోకి పంపింది. బలమైన అయస్కాంతంతో ఒంటి లోపలి చిత్రాలు తీసే స్కాన్ అది.

రోగి బతుకులోంచి అడిగిన ఆ ప్రశ్నే అసలైన తనిఖీ అని నా నమ్మకం. ఉలి అంచు నుంచి రాలిన ఇనుప రజను ఏళ్ల తరబడి కంట్లో నొప్పి లేకుండా ఉండిపోవచ్చు. అయస్కాంతం దగ్గరకు వెళ్లగానే అది కదలవచ్చు, లోపలి పొరలను కోయవచ్చు. అలా ఒక రోగికి స్కాన్ తర్వాత ఒక కంటి చూపు పోయిన ఉదంతం 1986లోనే వైద్య పత్రికకెక్కింది.

ఎముకలో వేసిన రాడ్డు సంగతి వేరు. అది స్క్రూలతో బిగించి ఉంటుంది, చాలావరకు టైటానియందో అయస్కాంతానికి అంటని స్టీలుదో అయి ఉంటుంది. అయినా చెప్పాల్సిందే. గుండెకు పెట్టిన పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన పరికరం ఉంటే వాటి కాగితాలు తప్పక చూపించాలి. ఫ్లోరైడ్ నీటితో వెన్ను వంగిపోయిన మర్రిగూడ వైపు పెద్దలు మాత్రం భయపడనక్కర్లేదు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను అయస్కాంతం లాగదు.

అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. మామూలు ఎమ్మారై బలం 1.5 టెస్లాలు, కొన్నింటిది 3. మన దిక్సూచిని తిప్పే భూమి అయస్కాంత బలంతో పోలిస్తే 1.5 అంటేనే 30 వేల రెట్లకు పైమాట. దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. అంత చలిలో తీగకు కరెంటును అడ్డుకునే నిరోధం ఉండదు కాబట్టి, ఒకసారి ఎక్కించిన కరెంటు తిరుగుతూనే ఉంటుంది. స్కాన్ లేని వేళ, అర్ధరాత్రి, ఊరంతా కరెంటు పోయినప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. అతను రోగి కాదు, తోడు వచ్చినవాడు. అందుకే తోడు వచ్చినవారినీ ఇవే ప్రశ్నలు అడగాలి.

వెండి మెట్టెలను, బంగారు పుస్తెలను అయస్కాంతం లాగదు కదా అని కొందరు వాదిస్తారు. కానీ స్కాన్‌లో వాడే రేడియో తరంగాలకు లోహం వేడెక్కి చర్మం కాలవచ్చు. చేతులు కట్టుకుని పడుకోవద్దనేదీ అందుకే. చర్మానికి చర్మం ఆని వలయం ఏర్పడితే, ఆనిన చోట బొబ్బ లేవవచ్చు.

పాలమూరు నుంచి వలస వెళ్లిన మనిషి పూణేలో వెల్డింగ్ చేశాడో, కంకర మిల్లులో పనిచేశాడో స్కాన్‌కు ముందు నింపే ఫారానికి తెలియదు, ఇంట్లోవాళ్లకు తెలుసు. టెక్నీషియన్ అడగడం మరిచినా, ఆ మాట మీరే చెప్పండి.