పట్టికలో కనిపించే ప్రశ్నార్థకాలు ప్లేస్‌హోల్డర్లు కావు

అమీర్‌పేటలో కోర్సు ముగించి ఉద్యోగంలో చేరిన పిల్లలు నాకు తరచూ పంపే స్క్రీన్‌షాట్ ఒకటే: వెబ్‌సైట్ పట్టికలో తెలుగు పేర్లు ఉండవలసిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు. డేటాబేస్‌ను అడిగే క్వెరీలోనూ ప్లేస్‌హోల్డర్‌గా, అంటే విలువ తర్వాత వచ్చి చేరే చోటుకు గుర్తుగా, ప్రశ్నార్థకమే ఉంటుంది కనుక, అందులో విలువ పడలేదని, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లలో (క్వెరీని ముందే సిద్ధం చేసి విలువలను విడిగా ఇచ్చే పద్ధతిలో) తెలుగు పనిచేయదని ఎవరో అంటే నమ్మేస్తారు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. దీన్ని నమ్మినవారు వెంటనే ప్లేస్‌హోల్డర్లు తీసేసి, ఫారంలో వచ్చిన మాటను నేరుగా క్వెరీకి అతికిస్తారు. ప్రశ్నార్థకాలు అలాగే ఉంటాయి, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు, అంటే ఫారంలో ఆదేశాలు రాసి డేటాబేస్‌లోకి చొరబడే దాడికి, మాత్రం దారి ఏర్పడుతుంది.

విలువ పడని ప్లేస్‌హోల్డర్ పట్టిక దాకా రాదు. క్వెరీ ఎర్రర్‌తో అక్కడే ఆగిపోతుంది.

పోయిన వానాకాలంలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక స్కూలు సైటు చూసే కుర్రవాడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "సార్, పిల్లల పేర్లన్నీ పోయినట్టేనా?" అని అడిగాడు. గొంతు వణుకుతోంది. "తెలుగు" అని ఉండవలసిన గడిలో ప్రశ్నార్థకాలు లెక్కపెట్టమన్నాను. ఆరు ఉన్నాయన్నాడు. చూడటానికి మూడక్షరాలే అయినా యూనికోడ్‌లో ఆ మాటకు మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు ఉంటాయి. ఒక్కొక్కదాని స్థానంలో ఒక్కొక్క ప్రశ్నార్థకం పడింది. అంటే తప్పు క్యారెక్టర్ సెట్‌లో, ఏ అక్షరాలను ఎలా నిల్వ చేయాలో చెప్పే పట్టికలో, ఉంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో, 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా డిఫాల్ట్‌గా ఉన్న సెట్ లాటిన్1. అందులో తెలుగు లిపికి చోటు లేదు.

డేటా పోయిందో లేదో తెలుసుకోవడానికి ఆ కాలమ్‌ను, నిల్వయిన బైట్లను కోడ్‌లుగా చూపే హెక్స్ ఫంక్షన్‌తో చూడాలి. వరుసగా 3ఎఫ్ అని వస్తే నిల్వయినవే ప్రశ్నార్థకాలు కనుక బ్యాకప్ తప్ప దారి లేదు. ఈ0బీ0, ఈ0బీ1 అని మొదలయ్యే మూడేసి బైట్లు కనిపిస్తే తెలుగు భద్రంగా ఉన్నట్టే, డేటాబేస్ కనెక్షన్‌కు తెలుగు పట్టే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెబితే చాలు. అతడికి అదృష్టవశాత్తూ రెండోదే వచ్చింది. కాని అప్పటికే ప్లేస్‌హోల్డర్లు తీసేసి ఉండటంతో, డి'సౌజా అనే ఇంటిపేరును వెతికితే ఆ కొటేషన్ గుర్తు దగ్గరే క్వెరీ విరిగిపోతోంది. ముందు వాటిని తిరిగి పెట్టించాను.

మిగిలిన అపోహలు చిన్నవి. ప్లేస్‌హోల్డర్ చుట్టూ కొటేషన్లు పెట్టకూడదు. పెడితే అది ఉత్త అక్షరమైపోతుంది. టేబుల్ పేరు, కాలమ్ పేరు అందులో ఇమడవు. వరుస క్రమం నిర్ణయించే ఆర్డర్ బైలో కాలమ్ పేరును అలా ఇస్తే ఎర్రర్ రాదు, వరుస మాత్రం మారదు. కనుక అనుమతించిన పేర్ల జాబితాతో సరిచూసి రాయాలి. మాటలో కొంత భాగం ఇచ్చి వెతికే లైక్ వెతుకులాటలో, ‘ఏదైనా ఉండవచ్చు’ అనే శాతం గుర్తు విలువలోనే ఉండాలి. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రిపేర్ చేసిన క్వెరీని ప్రింట్ చేసినప్పుడు శాతం గుర్తు స్థానంలో బ్రాకెట్లలో కనిపించే 64 అక్షరాల వింత వరుస వైరస్ కాదు. 2017లో 4.8.3 వెర్షన్ భద్రత కోసం తెచ్చిన గుర్తు అది, క్వెరీ నడిచే ముందు తిరిగి శాతంగా మారిపోతుంది. సైటు హ్యాక్ అయిందని ఎవరైనా భయపెడితే డబ్బు చెల్లించకండి.