నాస్‌లో ఫైల్ సిస్టమ్ పాడైతే: అపోహలు - వాస్తవాలు

నాలుగు హార్డ్‌డిస్కుల నాస్ బాక్సు (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే చిన్న సర్వర్) ఒకటి ఇంట్లో పెట్టుకుని, పెళ్లి ఫొటోల నుంచి పొలం దస్తావేజుల స్కాన్ కాపీల దాకా అన్నీ అందులోనే దాచుకునే కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అది తెరుచుకోవడం మానేసిన రోజు నాలాంటి వాళ్ల దగ్గరికి తీసుకొస్తారు. ఈ పనిలో నాకు పదే పదే కనిపించేది ఒకటే. మొదటి దెబ్బకు పోయేది కొంచెం, బాగుచేద్దామని చేసిన ప్రయత్నాల్లో పోయేది ఎక్కువ. కరెంటు పోయినప్పుడో కేబుల్ వదులైనప్పుడో చెడేవి చాలావరకు కొన్ని మెటాడేటా బ్లాకులే, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే లెక్కలే. ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. తర్వాత కంగారులో కొట్టిన నాలుగు కమాండులే వాటిని తుడిచేస్తాయి. ఆ కమాండుల దాకా నడిపించే నమ్మకాల గురించే ఈ రాత.

అపోహ: ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే పోయిన డేటా తిరిగొస్తుంది

ఫైల్ సిస్టమ్ అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చి, ఏది ఎక్కడుందో లెక్క రాసుకునే ఏర్పాటు. దాన్ని తనిఖీ చేసే లినక్స్ కమాండు ఎఫ్‌ఎస్‌సీకే. అది చూసుకునేది ఆ లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అన్నదే. మీ ఫైళ్లు దక్కాయా లేదా అన్నది దాని పని కిందికి రాదు. చిట్టాకీ ఆవర్జాకీ తేడా వస్తే, తేడా తెచ్చిన చీటీలు చించేసి లెక్క సరిపెట్టే గుమాస్తా లాంటిది అది.

లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4. దాని మీద నడిచే ఎఫ్‌ఎస్‌సీకే పేరు ఈటూఎఫ్‌ఎస్‌సీకే. దాన్ని నడుపుతుంటే తెర మీద ఇలాంటి ప్రశ్న వస్తుంది: ఫలానా నంబరు ఇనోడ్‌లో చెల్లని బ్లాకులున్నాయి, క్లియర్ చేయనా? ఇనోడ్ అంటే ఒక ఫైలు సైజు, తేదీలు, దాని డేటా డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో రాసుకునే చిన్న రికార్డు. అక్కడ వై నొక్కితే ఆ బ్లాకులకు వెళ్లే దారి చెరిగిపోతుంది. ప్రశ్నలు వందల్లో వస్తుంటే విసుగు పుట్టి, మైనస్ వై అనే ఆప్షన్ పెట్టి అన్నిటికీ ఒకేసారి ఔననేస్తారు. కాసేపటికి ఫైల్ సిస్టమ్ శుభ్రంగా మౌంట్ అవుతుంది, అంటే తెరుచుకుంటుంది. ఫోల్డర్లు తెరిచి చూస్తే సగం ఖాళీ.

అందుకే మొదట మైనస్ ఎన్. దాంతో నడిపితే ఏమేం మార్చాలనుకుంటోందో చెబుతుందే గానీ డిస్కు మీద ఏమీ రాయదు. అప్పుడు జర్నల్‌ను (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చోటు) కూడా ముట్టుకోదు కాబట్టి తప్పులు ఉన్నవాటికన్నా ఎక్కువగా కనిపిస్తాయి, వాటికి బెదరనక్కర్లేదు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఈఎక్స్‌టీ4ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ ముందు జర్నల్‌ను రీప్లే చేస్తుంది, అంటే అందులోని మార్పులను డిస్కు మీద రాస్తుంది. అది కూడా జరగకూడదంటే నోలోడ్ ఆప్షన్ కలపాలి.

సూపర్‌బ్లాక్, అంటే ఫైల్ సిస్టమ్ మూల వివరాలుండే బ్లాకు, చెడిందని వస్తే ప్రళయం వచ్చినట్టు కాదు. దాని నకళ్లు చాలాచోట్ల ఉంటాయి. 4 కేబీ బ్లాకులున్న మామూలు ఫైల్ సిస్టమ్‌లో మొదటి నకలు 32768వ బ్లాకులో, తర్వాతది 98304లో. మైనస్ ఎన్‌తో పాటే మైనస్ బీ ఇచ్చి ఆ నంబరు చెబితే సరిపోతుంది. ఈ నంబర్ల కోసం ఎంకేఈటూఎఫ్‌ఎస్ మైనస్ ఎన్ నడపమని చాలామంది సలహా ఇస్తారు. అందులో ఆ ఎన్ మర్చిపోతే మిగిలేది ఫార్మాట్ కమాండు. పై రెండు నంబర్లు ఒక కాగితం మీద రాసుకుంటే దాని జోలికే వెళ్లక్కర్లేదు.

అపోహ: వేల ఎర్రర్లు వస్తున్నాయంటే ఫైల్ సిస్టమ్ నాశనమైనట్టే

అన్నిటికన్నా ఎక్కువ డేటాను పొట్టన పెట్టుకున్న నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. ఎర్రర్లు వేలల్లో కనబడితే నేను ముందు ఫైల్ సిస్టమ్‌ను కాకుండా దాని కింద ఉన్నవాటిని అనుమానిస్తాను. ఇంటి నాస్‌లో ఫైల్ సిస్టమ్ పై పొర మాత్రమే. దాని కింద చాలా బాక్సుల్లో జాగాను పంచిపెట్టే ఎల్‌వీఎం, ఆ కింద డిస్కులన్నిటినీ ఒకటిగా కలిపే లినక్స్ రెయిడ్, ఆ కింద పార్టిషన్లు, డిస్కులు, కేబుళ్లు.

ఒక డిస్కు పోయినా తట్టుకునే రెయిడ్-5లో డేటా ముక్కలు ముక్కలుగా డిస్కులన్నిటి మీదా పరుచుకుని ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే, లినక్స్ రెయిడ్‌ను నడిపే ఎండీఆడ్మ్ ఒక్కో ముక్కను 512 కేబీ తీసుకుంటుంది. డిస్కుల వరుస మారిపోయి అర్రే, అంటే ఆ డిస్కుల కూటమి, తప్పుగా కూడిందనుకోండి. రెయిడ్ మీద నేరుగా ఈఎక్స్‌టీ4 ఉంటే, దాని సూపర్‌బ్లాక్ 1024వ బైటు దగ్గరే, అంటే మొదటి ముక్కలోనే ఉంటుంది. మొదటి డిస్కు తన చోట తానుంటే చాలు, సూపర్‌బ్లాక్ చక్కగా కనిపిస్తుంది, ఇది ఈఎక్స్‌టీ4 అని సిస్టమ్ గుర్తుపడుతుంది. తర్వాతి ముక్కల నుంచి అంతా తారుమారు. ఆ స్థితిలో ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే బాగున్న డేటాను చెడిందనుకుని వేల చోట్ల తిరగరాస్తుంది. ఆ తర్వాత వరుస సరిచేసి లాభం లేదు.

కాబట్టి కింది నుంచి పైకి రావాలి. ముందు కెర్నల్ లాగ్‌లో ఏటీఏ ఎర్రర్లు, అంటే డిస్కుతో సంభాషణలో వచ్చిన తప్పులు, ఉన్నాయేమో చూడండి. డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 199వ వరుస సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క, అంటే డేటా దారిలో చెడిన సార్లు. అది పెరుగుతూ పోతుంటే తప్పు చాలాసార్లు సాటా కేబుల్‌దో కనెక్టర్‌దో అయి ఉంటుంది. 197వ వరుస, డిస్కు చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల లెక్క, సున్నా దాటితే తప్పు డిస్కులోనే ఉందనుకోవచ్చు. సొంతంగా కట్టుకున్న సర్వరైతే ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి. చెడ్డ ర్యామ్ ఉన్న మెషీన్‌లో రిపేర్ చేస్తే ఆ రిపేరే కొత్త తప్పులు రాస్తుంది.

ఆ తర్వాత రెయిడ్. ఎండీఆడ్మ్ ఎగ్జామిన్ కమాండు ఒక్కో డిస్కుకు ఈవెంట్స్ అనే లెక్క చూపిస్తుంది. అర్రే స్థితి మారినప్పుడల్లా అది పెరుగుతుంది. ఉదాహరణకు రెండు డిస్కుల్లో 48212, మూడోదాంట్లో 48209, నాలుగోదాంట్లో 31054 ఉన్నాయనుకుందాం. నాలుగోది ఎప్పుడో అర్రే నుంచి జారిపోయింది, ఇంట్లో ఎవరూ గమనించలేదు. మూడోది ఇప్పుడు పడిపోయింది, దాంతో బాక్సు ఆగింది. మొదటి మూడింటినీ అసెంబుల్ ఫోర్స్‌తో కలిపితే నష్టం చివరి క్షణాల్లో రాసినదానికే పరిమితం. నాలుగోదాన్ని బలవంతంగా లోపలికి తెస్తే పాత ముక్కలు కొత్తవాటి మధ్యలోకి వచ్చి పడతాయి. ఎర్రర్లు వేలల్లో వచ్చేది అప్పుడే.

అసెంబుల్ కుదరకపోతే క్రియేట్ వాడమనే వాళ్లూ ఉన్నారు. క్రియేట్ పాత రెయిడ్ వివరాల మీద కొత్తవి రాసేస్తుంది. డిస్కుల వరుస, ముక్క సైజు, డేటా ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్, అన్నీ పొల్లుపోకుండా కుదిరితేనే డేటా కనిపిస్తుంది. ఎండీఆడ్మ్ వెర్షన్ మారితే ఆ ఆఫ్‌సెట్ కూడా మారిపోవచ్చు. ఎగ్జామిన్ ఔట్‌పుట్‌ను వేరే చోట భద్రంగా దాచకుండా ఇందులోకి దిగొద్దు.

అపోహ: డిస్కును పీసీకి తగిలిస్తే ఫార్మాట్ చేయమంటోంది, కాబట్టి అందులో ఏమీ మిగల్లేదు

“అన్నా, డిస్కు తీసి కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ చెయ్యమంటోంది, చెయ్యనా?” అని ఫోన్లు వస్తుంటాయి. క్యాన్సిల్ కొట్టు తమ్ముడూ, కంప్యూటర్ షట్‌డౌన్ చేసి డిస్కు పక్కన పెట్టు అంటాను. ఈఎక్స్‌టీ4, లినక్స్‌లోని మరో ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్, లినక్స్ రెయిడ్, వీటిలో ఏదీ విండోస్‌కు తనంతట చదవడం రాదు. తనకు అర్థంకాని ప్రతి డిస్కునూ ఫార్మాట్ చేద్దామనో ఇనిషియలైజ్ చేద్దామనో అడుగుతుంది. ఇనిషియలైజ్ అంటే చిన్న మాటలా ఉంటుంది గానీ అది కొత్త పార్టిషన్ టేబుల్ రాస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్) బూట్ చేసి చూడాలి. సైనాలజీ కంపెనీ నాస్ బాక్సుల్లో లోపల ఉండేది మామూలు లినక్స్ రెయిడ్, ఎల్‌వీఎం. డిస్కులన్నీ పీసీకి తగిలించి ఉబుంటులో చదువుకునే పద్ధతిని ఆ కంపెనీయే రాసి పెట్టింది. బాక్సులోంచి తీసేముందు ప్రతి డిస్కు మీదా మార్కర్‌తో బే నంబరు (బాక్సులో అది ఉన్న అర నంబరు) వేయడం మర్చిపోకండి.

అపోహ: డిస్కు పూర్తిగా పోకముందే ముఖ్యమైన ఫోల్డర్లు గబగబా కాపీ చేసుకోవాలి

బ్యాడ్ సెక్టార్లున్న డిస్కు నుంచి మామూలుగా కాపీ చేస్తే, చదవలేని మొదటి చోటే ఆగిపోయి మళ్లీ మళ్లీ అక్కడే ప్రయత్నిస్తుంది. అసలే నీరసించిన డిస్కు ఆ ప్రయత్నాల్లోనే పోవచ్చు. చెడిన డిస్కు నుంచి కాపీ తీసే పనిముట్టు జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఇందుకు తిరగేసి పని చేస్తుంది. సులువుగా వచ్చే భాగాలన్నీ ముందు తీసుకుని, కష్టమైన చోట్లను దాటేసి, వాటి దగ్గరికి చివర్లో వస్తుంది. ఎక్కడెక్కడ చదివిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా ఆగిన చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. సెకనుకు 150 ఎంబీ చొప్పున వచ్చినా 4 టీబీ డిస్కుకు ఏడు గంటలు దాటుతుంది, చెడు చోట్లుంటే ఇంకా ఎక్కువ. అంత ఖాళీ జాగా కోసం కొత్త డిస్కులు కొనాల్సి వస్తుంది. ఆ ఖర్చుకు వెనకాడే వాళ్లను నేను తప్పుపట్టను. కానీ కాపీ లేకుండా చేసే రిపేర్‌కు రెండో అవకాశం ఉండదని ముందే చెబుతాను. డిస్కులు ఆరోగ్యంగా ఉండి ఫైల్ సిస్టమ్ మాత్రమే చెడిన కేసుల్లో, రాతలన్నీ వేరే ఫైలులోకి మళ్లించే డీఎం స్నాప్‌షాట్ ఓవర్‌లే పెట్టుకుని దాని మీద ప్రయోగాలు చేయొచ్చు.

టిక్కు టిక్కుమని శబ్దం చేసే డిస్కుకు మాత్రం ఇవేవీ వద్దు. కరెంటు తీసేసి, డిస్కును విప్పే సౌకర్యం ఉన్న ల్యాబ్‌కు పంపాలి. దాన్ని ఫ్రీజర్‌లో పెడితే పని చేస్తుందనేది పాతకాలం మాట. బయటికి తీయగానే పట్టే తేమ పళ్లాల మీద చేరితే ల్యాబ్ వాళ్లు కూడా చేయగలిగింది తగ్గిపోతుంది.

స్మార్ట్‌లో పాస్ అని వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటమూ ఇలాంటిదే. గూగుల్ లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ హెచ్చరికా చూపించలేదు.

అపోహ: రెయిడ్ ఉంది, స్నాప్‌షాట్లున్నాయి, ఇంక బ్యాకప్ ఎందుకు

1988లో బర్కిలీ పరిశోధకులు రెయిడ్‌ను ప్రతిపాదించినప్పటి నుంచీ అది డిస్కు పోయినా పని ఆగకుండా చూసే ఏర్పాటు. చెడిన బ్లాకును పైనుంచి రాస్తే దాన్నీ అంతే నమ్మకంగా అన్ని డిస్కుల మీదా రాస్తుంది. స్నాప్‌షాట్లు, అంటే ఒక్కో సమయంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచిన ప్రతులు, పొరపాటున చెరిపిన ఫైలును తెచ్చిపెడతాయి, అవి ఉండేదీ అదే ఫైల్ సిస్టమ్‌లోనే.

అపోహ: ఏ ఫైల్ సిస్టమ్‌కైనా ఒకటే వైద్యం

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు ఎఫ్‌ఎస్‌సీకే అనే పేరుతో ఒక కమాండు ఉంటుంది గానీ అది ఏమీ చేయకుండా బయటికొస్తుంది. అసలు పనిముట్టు ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్. లాగ్‌లో, అంటే దాని జర్నల్‌లో, ఇంకా అమలు కాని మార్పులుంటే అది పని చేయనని చెప్పి, ఒకసారి మౌంట్ చేసి రమ్మంటుంది. ఆ మాట వినాలి. పెద్ద ఎల్ ఆప్షన్‌తో లాగ్‌ను పారేయడం మౌంట్ ఎంతకీ కుదరనప్పుడు, అదీ కాపీ మీద.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఎక్కువగా వచ్చేది పేరెంట్ ట్రాన్స్‌ఐడీ వెరిఫై ఫెయిల్డ్ అనే ఎర్రర్. రాశానని డిస్కు చెప్పిన బ్లాకు నిజంగా పళ్లెం మీదికి చేరకముందే కరెంటు పోతే ఇలా అవుతుంది. ఇది చూడగానే చెక్ రిపేర్ కొట్టేస్తారు. డెవలపర్లో అనుభవజ్ఞులో చెబితే తప్ప దాన్ని వాడొద్దని ఆ కమాండు మాన్యువల్‌లోనే ఉంది. ముందు రీడ్-ఓన్లీతో పాటు రెస్క్యూ ఈక్వల్స్ యూజ్‌బ్యాకప్‌రూట్ పెట్టి మౌంట్ చేసి చూడండి. 5.11 కెర్నల్ నుంచి రెస్క్యూ ఈక్వల్స్ ఆల్ కూడా ఉంది. రెండూ కుదరకపోతే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రిస్టోర్. అది పాడైన డిస్కు మీద ఏమీ రాయకుండా దొరికిన ఫైళ్లను వేరే డిస్కులోకి తీసిపెడుతుంది. ఈ పనిముట్టు ఉందని తెలిస్తే చాలామంది రిపేర్ జోలికి వెళ్లరు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు ఎఫ్‌ఎస్‌సీకే లేదు. పూల్ (దాని డిస్కుల కూటమి) తెరుచుకోకపోతే రీడ్-ఓన్లీ ఇంపోర్ట్ ప్రయత్నించాలి. చివరి కొన్ని లావాదేవీలు వదులుకుని వెనక్కి వెళ్లే పెద్ద ఎఫ్ ఆప్షన్‌ను మైనస్ ఎన్ కలిపి ముందు ఉత్తుత్తిగా నడిపి చూడాలి.

అపోహ: ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు భయం లేదు

మన ఇళ్లలోని చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే బ్యాటరీ మీదికి మారే ఆ కాస్త వ్యవధిలో ఫ్యాను ఆగదు, సర్వర్ మాత్రం రీస్టార్ట్ కావచ్చు. యూపీఎస్ మోడ్‌లో పెట్టినా, బ్యాటరీ అయిపోవస్తోందని మామూలు ఇన్వర్టర్ సర్వర్‌కు చెప్పలేదు. ఎండాకాలం కోతలో బ్యాటరీ ఖాళీ అయిన క్షణాన సర్వర్ రాస్తూ రాస్తూ ఆగిపోతుంది. యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కబురు చెప్పే చిన్న యూపీఎస్ విడిగా ఉండాలి. నాస్ బాక్సుల్లో ఆ సెట్టింగ్ ఉంటుంది, సొంత లినక్స్ సర్వర్‌కైతే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ పెట్టుకోవచ్చు. అప్పుడు బ్యాటరీ అడుగంటేలోపే సర్వర్ తనంతట తానే సక్రమంగా షట్‌డౌన్ అవుతుంది.

అపోహ: లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో చేరినవన్నీ చెత్త

దారి తప్పిన ఫైళ్లకు ఎఫ్‌ఎస్‌సీకే హ్యాష్ గుర్తు, దాని పక్కన ఇనోడ్ నంబరు పేరుగా పెట్టి అక్కడ వేస్తుంది. చూడగానే గుండె జారిపోతుంది. ముందు అందులో ఫోల్డర్లున్నాయేమో వెతకండి. ఫోల్డర్ అక్కడికి చేరితే పోయేది దాని పేరొక్కటే, లోపలి ఫైళ్ల పేర్లు, ఉపఫోల్డర్లు చెక్కుచెదరవు. విడి ఫైళ్లకు ఫైల్ అనే కమాండు ఏది ఫొటో, ఏది పీడీఎఫ్, ఏది వీడియోనో చెబుతుంది. ఫొటోల్లో కెమెరా రాసిన తేదీ లోపలే ఉంటుంది కాబట్టి ఎగ్జిఫ్‌టూల్‌తో సంవత్సరం, నెలల వారీగా సర్దేయొచ్చు. డిస్కును నేరుగా గాలించి ఫైళ్లను ఏరే ఫొటోరెక్ అక్కర పడేది ఇవన్నీ అయ్యాకే. అది పేర్లు, ఫోల్డర్లు ఏమీ తేలేదు, పెద్ద వీడియోలు ముక్కలై ఉంటే సగంలో తెగిపోతాయి.

దొరికినవన్నీ అప్పగించేటప్పుడు ఇంటివాళ్లను కూర్చోబెట్టి కొన్ని ఫైళ్లు తెరిపిస్తాను. ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయినా లోపల సున్నాలే ఉన్నవి ఉంటాయి. పాత ఫొటోలు పెద్దది చేసి చూడాలి, వీడియోను మొదట్లోనే కాక మధ్యలో, చివర్లో ఆడించి చూడాలి, దస్తావేజు పీడీఎఫ్ అన్ని పేజీలూ తిప్పాలి. అన్నీ ఉన్నాయని వాళ్లు చెప్పేదాకా పాత డిస్కులను, వాటి ఇమేజ్‌లను చెరపకుండా పక్కన ఉంచుతాను.