పక్కపక్కనే తిరిగే శాటిలైట్లు గుద్దుకోకుండా వేసే లెక్క ఎక్కడ్నుంచి వచ్చింది

ఇస్రో స్పేడెక్స్ మిషన్‌లో రెండు శాటిలైట్లని అంతరిక్షంలో కలిపే డాకింగ్ 2025 జనవరి 7 నుంచి 9కి, అక్కడ్నుంచి ఇంకా వెనక్కి జరిగినప్పుడు ఎందుకింత లేటు అని చాలామందికి అనిపించే ఉంటుంది, కానీ రెండు శాటిలైట్ల మధ్య డ్రిఫ్ట్ (వాటంతటవే మెల్లగా జరిగిపోవడం) అనుకున్నదానికంటే ఎక్కువైందని ఇస్రో ఆగడం నా దృష్టిలో చాలా మంచి పని (16న డాకింగ్ అయింది కూడా). ఈ డ్రిఫ్ట్ భయం చాలా పాతది.

1965 జూన్‌లో నాసా జెమినీ 4 నౌకలో వ్యోమగామి మెక్‌డివిట్ తమ రాకెట్ పై స్టేజ్ దగ్గరికి వెళ్దామని దానివైపే థ్రస్టర్లు కొడితే దూరం ఇంకా పెరిగింది. స్పీడ్ పెంచితే కక్ష్య పైకి లేస్తుంది, అప్పుడు చుట్టు తిరగడానికి టైం ఎక్కువ పట్టి వెనకబడిపోతాం. ఇంధనం అయిపోతోందని వదిలేశారు. అదే డిసెంబర్‌లో జెమినీ 6, 7 అడుగు దూరం దాకా వచ్చాయి, ఈసారి కక్ష్య లెక్క ప్రకారం దగ్గరికెళ్ళి, చివర్లో మనిషి కిటికీలోంచి చూస్తూ నడిపాడు.

మనిషి లేనప్పుడు అసలు చిక్కు ముందు-వెనక దిశలోనే. కక్ష్య సగటు ఎత్తు అంచనాలో ఒక్క మీటర్ తప్పుంటే చుట్టుకి 9 మీటర్ల పైనే జరిగిపోతాయి, రోజుకి 15 చుట్లు అనుకుంటే సుమారు 140 మీటర్లు. పైకీ కిందకీ, పక్కకీ ఉండే తప్పు ఇలా పేరుకుపోదు. పైగా అంతరిక్ష చెత్త ఎదురొచ్చినప్పుడు గుద్దుకునే అవకాశం ఎంతో చూడ్డానికి వేసే మామూలు ప్రాబబిలిటీ లెక్క ఇక్కడ సరిపోదు, అక్కడ కన్నుమూసి తెరిచేలోగా దాటిపోతాయి, ఇక్కడ గంటలు, రోజులు మెల్లగా పక్కపక్కనే ఉంటాయి.

2005 ఏప్రిల్‌లో మనిషి లేకుండా తనంతట తనే దగ్గరికెళ్ళాల్సిన నాసా డార్ట్ నౌక వెళ్ళి మబ్‌లకామ్ అనే శాటిలైట్‌ని గుద్దింది. దాంట్లో ఢీకొనకుండా ఆపే సిస్టమ్ ఉంది, కానీ అదీ తప్పుగా ఉన్న అదే నావిగేషన్ డేటాని నమ్ముకుంది.

అందుకే నాకు జర్మనీ వాళ్ళ పద్ధతి బాగా నచ్చుతుంది. జియో కక్ష్యలో (భూమి మీంచి చూస్తే కదలనట్టు కనిపించే ఎత్తైన కక్ష్య) ఒకే చోట ఉంచే శాటిలైట్ల కోసం పుట్టిన ఐడియాని టాండెమ్-ఎక్స్ అనే రాడార్ శాటిలైట్‌కి తెచ్చారు. 2010లో అది వెళ్ళి తన జోడీ శాటిలైట్ టెర్రాసార్-ఎక్స్ చుట్టూ హెలిక్స్‌లా (స్ప్రింగ్ చుట్టల్లా) తిరగడం మొదలెట్టింది. పక్కకి దూరం సున్నా అయ్యే చోట పై-కింద దూరం ఎక్కువగా ఉండేలా, పై-కింద దూరం సున్నా అయ్యే చోట పక్కకి దూరం ఎక్కువగా ఉండేలా కక్ష్యలు పెట్టారు, కాబట్టి ముందు-వెనక అంచనా మొత్తం తప్పినా వెంటనే తగలవు, సరిచేసుకోడానికి టైం దొరుకుతుంది.

2024 డిసెంబర్ 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మీద వెళ్ళిన యూరప్ వాళ్ళ రెండు శాటిలైట్ల మిషన్ ప్రోబా-3లోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. 150 మీటర్ల దూరాన్ని మిల్లీమీటర్ లెక్కలో పట్టుకునేది చుట్టుకి, భూమికి దూరంగా ఉన్న ఆరు గంటలే, మిగతా టైమంతా రెండూ సేఫ్‌గా విడిగా తిరిగేలా దారి ముందే వేసి పెట్టారు.