ఆపమని చెప్పే హక్కు ఎవరిది?

పత్తికొండ దగ్గర మా మేనమామ ఊళ్ళో ఏటా ఉగాదికి బండలాగుడు పోటీలు జరిగేవి. నాకు పదేళ్ళున్నప్పుడు ఒక ఎద్దు బండ లాగుతూ లాగుతూ మోకాళ్ళ మీద కూలింది. ఇంకా ఐదు నిమిషాలు మిగిలి ఉందని యజమాని పట్టుబట్టాడు. కమిటీ పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చెర్నాకోల ఆగలేదు. చాలించమని జనంలో అరిచినవాళ్ళున్నారు కానీ, ఆ మాట చెల్లించుకోగల మనిషి మైదానంలో ఒక్కరూ లేరు. గుర్రాల దూర స్వారీ పోటీల చరిత్ర చదువుతుంటే నాకు ఆ ఎద్దే గుర్తొస్తుంది. నూట ముప్పై ఏళ్ళుగా ఆ పోటీలు వెతుకుతున్నది సరిగ్గా ఆ మనిషినే.

1892 అక్టోబరులో జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ సైనికాధికారులు బెర్లిన్, వియన్నాల మధ్య పందెం వేసుకున్నారు. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు, సుమారు 570 కిలోమీటర్లు. గెలిచిన అధికారి మూడు రోజుల లోపే గమ్యం చేరాడు. ఆయన గుర్రం ఆ అలసట నుంచి కోలుకోలేక చనిపోయింది. ప్రాణం పోయిన గుర్రాలు ఇంకా చాలా ఉన్నాయి.

ఆధునిక పోటీకి నాంది 1955లో కాలిఫోర్నియాలో పడింది. టాహో సరస్సు వైపు నుంచి ఆబర్న్ దాకా నూరు మైళ్ళ కొండదారి ఒక్క రోజులో దాటవచ్చని వెండెల్ రాబీ అనే ఆయన స్వారీ చేసి చూపించాడు. ఆ దారిలో జరిగే పోటీయే టెవిస్ కప్. 1964 నుంచి అక్కడ హాగిన్ కప్ కూడా ఇస్తున్నారు. ముందుగా చేరిన పది గుర్రాల్లో ఏది మంచి ఆరోగ్యంతో ఉందో దానికి ఆ బహుమతి. గెలుపుకు గడియారం ఒక్కటే కొలత కాదన్న ఈ ఆలోచన నాకు చాలా గొప్పదనిపిస్తుంది.

ఆ ఆలోచనకు బలం వచ్చింది పశువైద్యుల తనిఖీతో. దారిని కొన్ని అంచెలుగా విడదీస్తారు. అంచె చివర చేరినంత మాత్రాన ఆ అంచె ముగిసినట్టు కాదు. గుర్రం గుండె వేగం నిర్ణీత సంఖ్యకు, సాధారణంగా నిమిషానికి 64కి, దిగాలి. దిగిందని తేలాకే విశ్రాంతి సమయం మొదలవుతుంది. విపరీతంగా పరిగెత్తించి తెచ్చినవాడు గుర్రం చల్లబడేదాకా కాచుకుని, సంపాదించిన నిమిషాలను అక్కడే పోగొట్టుకుంటాడు. గడువులోగా దిగకపోతే పోటీ నుంచే తప్పిస్తారు. తర్వాత వైద్యుడు చర్మం పట్టి లాగి ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూస్తాడు, చిగుళ్ళ రంగు చూస్తాడు, పేగుల చప్పుడు వింటాడు, నెమ్మది పరుగులో కుంటు ఉందేమో గమనిస్తాడు. వైద్యులు కాదంటే కాదు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నిబంధనల్లో ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

నిబంధన ఉన్నా నిర్వాహకులు తడబడితే ఏమవుతుందో 2018 సెప్టెంబరు 12న అమెరికాలోని ట్రయాన్‌లో తెలిసింది. ప్రపంచ పోటీల ఆరంభంలోనే కొందరికి తప్పుదారి చూపించారు. పోటీని దూరం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టి, చివరకు ఉక్కపోతకు తాళలేక మధ్యలో రద్దు చేశారు. యాభైకి పైగా గుర్రాలకు చికిత్స అవసరమైంది. అంతకుముందు, 2015లో, గుర్రాల సంక్షేమం సరిగా లేదని సమాఖ్య యూఏఈ జాతీయ సంఘాన్నే కొన్ని నెలలు సస్పెండ్ చేసింది. పోటీ జరిపి తీరాలన్న ఒత్తిడి నిర్వాహకుల మీద ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఆపే అధికారం వాళ్ళ జేబులో ఉండకూడదు.

ఇక మన ఎండ సంగతి. కష్టపడే గుర్రం గంటకు పది, పదిహేను లీటర్ల చెమట కోల్పోగలదు. నీటితో పాటు ఉప్పులూ పోతాయి. కర్నూలు పొడి వేడిలో చెమట ఒంటి మీద నిలవకుండానే ఆరిపోతుంది కాబట్టి నష్టం కంటికి కనిపించదు. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లోనే కేంద్రం నియమాలు చేసింది. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటితో పని చేయించకూడదు. రోజుకు తొమ్మిది గంటలు, ఒక్క బిగిన ఐదు గంటలు మించకూడదు. జట్కా గుర్రానికి ఇచ్చిన ఆ నీడ పోటీ గుర్రానికీ ఎద్దుకూ ఎందుకు ఉండకూడదు?

ఓపికకు మించి పశువును తోలడం 1960 చట్టం ప్రకారం నేరం. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది. 2023లో సమర్థించింది ఆ పోటీలకు వీలిచ్చిన తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల చట్ట సవరణలను. మన రాష్ట్రం ఆ మూడింటిలో లేదు.

మనుషుల విషయానికొస్తే, జరిగేదానికి బాధ్యత మాదేనని పాల్గొనేవాళ్ళ చేత సంతకం పెట్టించుకుంటే చాలని చాలామంది నిర్వాహకులు నమ్ముతారు. కింద పడే ప్రమాదం స్వారీలో సహజమే, దానికి రైడరు ఒప్పుకున్నట్టే. కానీ కంచె లేని మలుపుకు, అంబులెన్సు లేని మైదానానికి ఎవరూ ఒప్పుకున్నట్టు కాదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ముందు ఆ కాగితం నిర్వాహకుణ్ణి కాపాడదు.

పోటీకి అనుమతి అడిగే ప్రతి దరఖాస్తులోనూ ఒక పశువైద్యుడి పేరు ఉండాలి. ఆయన్ను కమిటీ కాకుండా పశుసంవర్ధక శాఖ నియమించాలి. ఆయన చెయ్యెత్తితే మిగిలిన నిమిషాలు ఎన్నున్నా పోటీ ఆగుతుందని మైకులో ముందే చెప్పాలి, యజమానులందరూ వినేలా.