పిస్టన్ ఆగే చోటే సిలిండర్ అరుగుతుంది

"సర్వీసింగ్‌కి ఇస్తే ఇంజన్ బోర్‌కి వచ్చింది, విప్పాలి అంటున్నారు. విప్పకుండా తెలుసుకునే దారి లేదా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇంజన్ బోర్‌కి రావడం అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోవడం. విప్పకుండా తెలుసుకునే దారి ఉంది. కానీ ఆ పరీక్ష అర్థం కావాలంటే లోపల ఎక్కడ అరుగుతుందో ముందు తెలియాలి. ఇంజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం కూడా అదే.

సిలిండర్ లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ జోరుగా పరిగెత్తే చోట అరుగుదల ఎక్కువని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. స్ప్లెండర్ బైకు ఇంజన్‌నే తీసుకోండి. బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 50 మి.మీ., పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 49.5 మి.మీ. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకు దాదాపు 10 మీటర్లు. ఆ పరుగులో పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చునే లోహపు రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఇరుక్కున్న ఆయిల్ ఆ రెండిటినీ విడదీసేంత ప్రెషర్ తెచ్చుకుంటుంది. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద స్పీడుగా పోయే కారు టైరు నీటి మీద తేలిపోతుంది చూడండి, అదే సూత్రం. స్పీడు తగ్గగానే టైరు మళ్లీ రోడ్డుకి ఆనుతుంది. రోడ్డు మీద ఆ తేలడం ప్రమాదం, సిలిండర్‌లో మాత్రం అదే కాపాడేది.

అయితే పిస్టన్ పై చివరా కింది చివరా ఆగి వెనక్కి తిరగాలి. అదే 6,000 చుట్ల దగ్గర సెకనుకు 200 సార్లు ఆగుతుంది. ఆగిన క్షణంలో తేల్చే వేగం ఉండదు. పై చివర ఇంకో కష్టం కూడా ఉంది. పెట్రోలు మండేది అక్కడే. ఆ ప్రెషర్ రింగు వెనక గాడిలోకి దూరి రింగును గోడకేసి గట్టిగా నొక్కుతుంది. రింగు గ్యాసును ఆపగలిగేది ముఖ్యంగా ఆ నొక్కుడు వల్లే, దాని సొంత స్ప్రింగు బలం అందుకు చాలదు. వేగం సున్నా, ఒత్తిడి విపరీతం, వేడికి ఆయిల్ పలచన: మూడూ ఒక్క చోటే కలుస్తాయి. అందుకే బాగా అరిగిన సిలిండర్ పై అంచు నుంచి గోరు కిందికి జరిపితే సన్నటి మెట్టు తగులుతుంది. మెట్టు పైభాగానికి రింగు ఎప్పుడూ చేరదు కాబట్టి అది కొత్తదానిలాగే ఉంటుంది.

జర్మనీలో ఇంజనీర్ రిచర్డ్ స్ట్రిబెక్ 1902లో ప్రచురించిన బేరింగు కొలతల్లో ఇదే కనిపిస్తుంది. ఆయిల్ ఉన్న చోట వేగం పెరిగేకొద్దీ రాపిడి మొదట బాగా పడిపోయి, కనిష్ఠానికి చేరి, ఆ తర్వాత మెల్లగా పెరుగుతుంది. బడిలో మాత్రం రాపిడికీ వేగానికీ సంబంధం లేదని చెప్పి వదిలేస్తారు. పొడి ఉపరితలాలకు అది దాదాపు సరిపోతుంది. ఇంజన్‌కి సరిపోదు. స్ట్రిబెక్ కొలతల గ్రాఫును ఇంటర్‌లోనైనా చూపించాలి.

పరీక్షకి ముందు ఆయిల్ సంగతి. ఇంజన్‌లోంచి దించేసిన ఆయిల్ నల్లగా ఉంటే ఇంజన్ పోయినట్టే అనేది ఉత్త మూఢనమ్మకం. మసిని అడుగున పేరుకోనివ్వకుండా తనలో కలిపి ఉంచుకోవడం ఆయిల్ చేయాల్సిన పనే. ఆ ఆయిల్‌ను పళ్లెంలో పలచగా పోసి ఎండలో వంచి చూడండి. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, ఉక్కు. అంటుకోని వెండి రంగు తునకలైతే అల్యూమినియం, అప్పుడు పిస్టన్‌ని అనుమానించాలి.

ఇక అసలు పరీక్ష. ఇంజన్ వేడెక్కాక తాళం ఆఫ్ చేసి, స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ కన్నంలో సిలిండర్ లోపలి ప్రెషర్ కొలిచే కంప్రెషన్ గేజ్ బిగించాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక పెరగనంత వరకు కిక్ కొట్టాలి. మాన్యువల్‌లోని అంకె కంటే బాగా తక్కువ వస్తే, ప్లగ్గు కన్నంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. ముల్లు ఎగబాకిందంటే ఆ ఆయిల్ రింగుల చుట్టూ ఉన్న సందును కాసేపు మూసిందన్నమాట. బోర్, రింగులు అరిగాయి, మెకానిక్ మాట నిజమే. ముల్లు కదలకపోతే గాలి, పొగ వచ్చిపోయే దారులు మూసే వాల్వుల దగ్గరో, సిలిండర్‌కీ దాని పైమూత అయిన హెడ్‌కీ మధ్య ఉండే గాస్కెట్ దగ్గరో గాలి పోతోంది. వాల్వులను నొక్కి తెరిచే టాపెట్లు మరీ బిగుతుగా ఉన్నా వాల్వు పూర్తిగా మూసుకోక ఇలాగే అవుతుంది. అది సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో కాసేపట్లో సరిచేసే పని కాబట్టి, హెడ్ విప్పకముందే టాపెట్లు చూడమని అడగండి.