ఆటిజాన్ని దాచుకుంటూ బతకడం

ఆటిజం అనగానే మనకు స్పీచ్ థెరపీకి వెళ్లే పిల్లలే గుర్తొస్తారు. ఆ పిల్లలు పెద్దవాళ్లవుతారు. అమీర్‌పేటలో మెట్రో మారి మాదాపూర్‌లో ఉద్యోగాలకు వెళ్తారు. కొందరికైతే తమకు ఆటిజం ఉందన్న సంగతి పెద్దయ్యాకే తెలుస్తుంది.

అప్పటిదాకా ఎలా నెట్టుకొస్తారు? చాలామంది దాచుకుంటారు. కళ్లలోకి చూడటం కష్టమైనా చూస్తారు. చేతులు ఊపాలనిపిస్తే బిగబట్టుకుంటారు. లంచ్ టైంలో ఏం మాట్లాడాలో ముందే కంఠతా పడతారు. దీన్నే మాస్కింగ్ అంటారు. చూసేవాళ్లు 'బాగానే అడ్జస్ట్ అయ్యాడు' అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వింటే నాకు భయమేస్తుంది. బ్రిటన్‌లో సారా కాసిడీ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మాస్కింగ్ ఎక్కువగా చేసేవారికీ, కావలసిన సాయం అందనివారికీ ఆత్మహత్య ముప్పు ఎక్కువని తేలింది. (అలాంటి ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.)

ఏళ్ల తరబడి ఇలా గడిపితే ఆటిస్టిక్ బర్నౌట్ రావచ్చు. ఆదివారం పడుకుంటే తీరే అలసట కాదిది. డోరా రేమేకర్ బృందం 2020లో వివరించినట్టు, ఇది నెలల తరబడి ఉంటుంది. చేతనైన పనులు కూడా చేతకాకుండా పోతాయి. నిన్నటిదాకా ఓర్చుకున్న హారన్ల మోత, ట్యూబ్‌లైట్ వెలుతురు ఇక భరించలేరు. ఇంట్లోవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. డిప్రెషన్ అనుకుని 'నలుగురిలో తిరుగు' అని తోస్తే ఇంకా కుంగిపోవచ్చు.

వీళ్లకు మనుషులతో కలవడం రాదంటారు. క్యాథరిన్ క్రాంప్టన్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఒక కథను ఎనిమిది మంది వరసలో ఒకరి నుంచి ఒకరికి చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో, ఆటిజం లేనివాళ్ల వరసలో నిలిచినంతగానే కథ నిలిచింది. రెండు రకాలవాళ్లనూ కలిపిన వరసలోనే వివరాలు ఎక్కువగా జారిపోయాయి. లోపం ఒక్కవైపే ఉంటే ఇలా జరగదు.

కాబట్టి మనవైపు నుంచీ సర్దుబాటు ఉండాలి. పెళ్లిలో డీజే మోగుతుంటే వాళ్లను పక్క గదిలో కూర్చోనివ్వాలి. మీటింగ్‌లో నోటితో చెప్పింది మెయిల్‌లో కూడా పంపాలి. చేతులు ఊపుకుంటుంటే ఆపకూడదు, చాలామందికి టెన్షన్ తగ్గేది దానితోనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ప్రభుత్వ సంస్థలు ఉద్యోగులకు తగిన వెసులుబాట్లు ఇవ్వాలంది. ప్రైవేటు కంపెనీలైనా సమాన అవకాశాల పాలసీ ప్రకటించాలి. ఉద్యోగంలో చేరేముందు హెచ్‌ఆర్‌ను ఆ పాలసీ చూపించమని అడగొచ్చు.