గట్క పోయి బువ్వొచ్చింది: పాలమూరు, నల్లగొండ పిల్లల గిన్నె వెనక కథ

అంగన్‌వాడీ టీచర్ ఇల్లిల్లూ తిరిగి "పిల్లకు మంచి తిండి పెట్టు చెల్లే" అని చెప్పడం దక్షిణ తెలంగాణలో ఏళ్ల నాటి పని. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) దేశంలో 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. అప్పటి నుంచి సలహా పెద్దగా మారలేదు, వినే ఇంట్లో కుండ మాత్రం మారిపోయింది. ఆ మార్పు తెలియకుండా చెప్పే మాట గడప దాటి లోపలికి పోదు.

ఒకప్పుడు ఇక్కడి తిండి జొన్న గట్క, అంబలి, రొట్టె. అన్నం పండుగ నాడో, చుట్టాలొచ్చిన నాడో. జొన్న చేన్లో సాళ్ల మధ్య కంది, పెసర, అనుములు కూడా వేసేవాళ్లు కాబట్టి పప్పు కొనే పని తక్కువ. చేను గట్టున గంగవాయిలి, పుంటికూర దొరికేవి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. జొన్న దంచి, విసిరి, గట్క ఉడికించడం పొద్దంతా పని. బియ్యమైతే కడిగి పొయ్యి మీద పెడితే చాలు. కూలికి పోయే ఆడమనిషి బియ్యం వైపు మొగ్గిందంటే తప్పేముంది? ఆ తర్వాత పత్తి, బోర్ల కింద వరి పెరిగాయి. జొన్నతో పాటు సాళ్లలోని పప్పులూ పోయాయి. పిల్లల గిన్నెలో అన్నం, నీళ్ల చారు మిగిలాయి.

అలాగని "పాత తిండే బంగారం" అనడం కూడా సగం నిజమే. జొన్న మీదే బతికేవాళ్లలో పెల్లాగ్రా (బి3 విటమిన్ కొరతతో చర్మం పాడయ్యే జబ్బు) ఎందుకు వస్తుందో హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా 1960లో వివరించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం ఒక కారణమన్నారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ పల్లెల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే పిల్లల గురించి రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్, తిండిలో కాల్షియం కొరత ఒక్కచోట కలిసిన ఫలితం అది. జొన్న మంచిదే, కానీ పక్కన పప్పు, ఆకుకూర, పాలు లేని జొన్న మంచిది కాదు. టీచర్లకు ఇచ్చే చిరుధాన్యాల శిక్షణలో ఈ ముక్క తరచూ జారిపోతుంది.

నీళ్ల సంగతీ తిండి సంగతే. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరే ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో దాన్ని రూపొందించింది. నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది, అడుగున చేరిన మడ్డిని రోజూ పారబోయాలి, అందుకే ఇళ్లలో నిలవడం కష్టం. ఇప్పుడు ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా ఉన్నా చాలా ఇళ్లలో తాగడానికి ఒక నీళ్లు, వంటకు బోరు నీళ్లు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది, అన్నం, పప్పు దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి ఇంటికి వెళ్లిన టీచర్ మొదట అడగాల్సింది "ఏం వండినవ్?" అని కాదు, "దేంతో వండినవ్?" అని. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది. మన పచ్చిపులుసును చిన్నచూపు చూడక్కర్లేదు. పిల్లలకు చాయ్ మాత్రం వద్దు. అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, పైగా తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

ఇక అంగన్‌వాడీ నుంచి ఇంటికొచ్చే ప్యాకెట్ దగ్గరికి వద్దాం. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన బాలామృతం ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోలు, అంటే రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు. ఇంట్లో నాలుగేళ్ల అన్న ఉండి, నాయనమ్మ అందరికీ లడ్డూలు చుడితే పది రోజుల్లో ఖాళీ. దానికి తల్లిని గదమాయించి లాభం లేదు. పాలమూరు నుంచి వలస పోయిన ఇళ్లలో గిన్నె పట్టేది నాయనమ్మో అమ్మమ్మో. మాట వాళ్లతోనే చెప్పాలి, అదీ పొద్దుగూకాక.

అసలు పొరపాటు పలుచనలో ఉంది. గొంతుకు అడ్డం పడుతుందని జావలా కలుపుతారు. పిల్ల పొట్ట చిన్నది, నీళ్లతోనే నిండిపోతుంది. చెంచా వంచితే మెల్లగా జారాలి, ధారగా కారకూడదు. ఆరు నెలలు నిండాక రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెల దాటేసరికి పూటకు పావులీటరు గిన్నెలో సగానికి తేవాలి. ఏడాది దాటితే ముప్పావు గిన్నె నుంచి నిండు గిన్నె వరకు, మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి. తల్లిపాలు రెండేళ్ల దాకా మానొద్దు.

ప్యాకెట్ అయిపోయిన ఇంటికి జాతీయ పోషకాహార సంస్థ ఏనాడో చెప్పిన 'హైదరాబాద్ మిక్స్' ఉంది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. వేటికవి వేయించి పిండి పట్టిస్తే సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్. గోధుమ లేకపోతే జొన్న వేయొచ్చు. పల్లీలు వేయించే ముందు చాటలో పోసి ముడతపడ్డవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఏరేయాలి. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. తేమకు ముక్కిపోకుండా పిండి పది పదిహేను రోజులకు సరిపడానే పట్టించాలి.

2015 జనవరి 1న మొదలైన తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చుని అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసుకోవాలి. అక్కడే తినాలన్న నియమం ఊరికే పెట్టలేదు. టిఫిన్ డబ్బాలో ఇంటికి పోయిన గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో ప్రతి టీచర్‌కూ తెలుసు. కానీ పత్తి తీసే రోజుల్లో మధ్యాహ్నం రమ్మంటే కూలి పోతుంది. ఆ రోజుల్లో భోజనం వేళను వాళ్ల కూలి వేళకు జరిపితే డబ్బా గొడవ చాలావరకు తగ్గుతుంది.